మాక్రోఫేజ్ రిసెప్టర్లను యాంటీబాడీతో పట్టుకోవాలంటే: వయల్ ఆర్డర్ పెట్టే ముందు నుంచి గ్రాఫ్ దాకా

బరంపురం, పర్లాకిమిడి, రాయగడ, జయపురం వైపు నుంచి ఎమ్మెస్సీ చేసి రీసెర్చిలోకి వస్తున్న మన తెలుగు పిల్లలు ఈమధ్య తరచుగా ఒకటే ప్రశ్న అడుగుతున్నారు. "అక్కా, మాక్రోఫేజ్ స్టెయినింగ్ చేశాను, అన్నీ పాజిటివ్ వస్తున్నాయి, ఏం చెయ్యాలి?" ఇంట్లో తెలుగు, బజారులో ఒడియా, క్లాసులో ఇంగ్లీషు నడిచే మన ఊళ్లలో ఈ పని పక్కన కూర్చుని మన మాటల్లో చెప్పేవాళ్లు దొరకడం కష్టం. అందుకే నాకు తెలిసినంతా ఇక్కడ వరసగా రాస్తున్నాను. కొత్తవాళ్లకు ఒక మాట: మాక్రోఫేజ్ అంటే క్రిములనూ పాడైన కణాలనూ మింగే రక్షణ కణం, రిసెప్టర్ అంటే కణం మీద ఉండి బయటివాటిని పట్టుకునే ప్రోటీన్. స్టెయినింగ్ అంటే రంగు కట్టిన యాంటీబాడీని ఆ రిసెప్టర్‌కు అంటించి, ఫ్లో సైటోమీటర్ అనే మిషన్‌లో ఒక్కో కణం ఎంత వెలుగుతుందో కొలవడం.

ఇంకో కారణం కూడా ఉంది. మన ఆంధ్ర-ఒడిశా సరిహద్దు జిల్లాల్లో సికిల్ సెల్ ఉంది, మలేరియా ఉంది. రెండింటిలోనూ ఎర్ర రక్తకణాలు పగిలిపోతాయి, బయటపడిన హిమోగ్లోబిన్‌ను ఎత్తి పారేసేది మాక్రోఫేజే. ఆ పని చేసే రిసెప్టర్ పేరు సీడీ163 (సీడీ నంబర్లు కణాల మీది ప్రోటీన్లకు పెట్టిన పేర్లు), అది హాప్టోగ్లోబిన్‌తో జతకట్టిన హిమోగ్లోబిన్‌ను పట్టి లోపలికి లాగుతుంది. సీడీ36 అనే ఇంకో రిసెప్టర్‌కు ఫాల్సిపారం అనే మలేరియా క్రిమి సోకిన ఎర్రకణాలు అతుక్కుంటాయి. కాబట్టి వీటిని సరిగ్గా కొలవడం మనకు పుస్తకాల్లో చదివి వదిలేసే విషయం కాదు, మన పక్కింటి వాళ్ల రక్తంలో జరిగే సంగతి.

ముందు ఒక్క విషయం మనసులో పెట్టుకోండి. యాంటీబాడీ వై ఆకారంలో ఉంటుంది. రెండు చేతులతో తన టార్గెట్‌ను పట్టుకుంటుంది, కింద ఎఫ్‌సీ అనే తోక ఉంటుంది. ఆ తోకను పట్టుకునే రిసెప్టర్లు మాక్రోఫేజ్ ఒంటినిండా ఉన్నాయి: సీడీ64, సీడీ32, సీడీ16. క్రిముల మీద అతుక్కున్న యాంటీబాడీని తోక పట్టుకుని లాగి మింగడం దాని పుట్టుపని. మనం వలేసి చేపను పట్టాలనుకుంటాం, ఈ చేప మాత్రం వలనే నోట కరుచుకుంటుంది. టీ సెల్ మీద బాగా పనిచేసిన ప్రోటోకాల్‌ను తెచ్చి మాక్రోఫేజ్ మీద పెడితే అన్నీ పాజిటివ్ రావడానికి మొదటి కారణం ఇదే.

మొదటి అడుగు: మనిషా, ఎలుకా, ఏ మార్కరు?

ఆర్డర్ పెట్టేముందు ఇది తేలాలి. ఎలుకల్లో (ఇక్కడ ఎలుక అంటే మౌస్, ర్యాట్ కాదు) మాక్రోఫేజ్ అనగానే అందరూ వాడేది ఎఫ్4/80. ఆ యాంటీబాడీని 1981లో ఆస్టిన్, గోర్డన్ తయారుచేశారు. కానీ మనిషి కణాల మీద అది పనికిరాదు, మనుషుల్లో దానికి సమానమైన ప్రోటీన్ ప్రధానంగా ఈసినోఫిల్స్ అనే వేరే రకం తెల్లకణాల మీద ఉంటుంది. దీన్ని తెలియక మనిషి రక్తానికి ఆర్డర్ పెట్టి గ్రాంటు డబ్బు పోగొట్టుకున్నవాళ్లను చూశాను. సీడీ11బీకి ఎం1/70 అనే క్లోన్ (ఒకే కణ వంశం నుంచి వచ్చే, ఎప్పుడూ ఒకేలా ఉండే యాంటీబాడీ) మాత్రం ఎలుకకూ మనిషికీ రెండింటికీ పనిచేస్తుంది, చిన్న కాలేజీ ల్యాబులకు ఇది మంచి కొనుగోలు. అయితే సీడీ11బీ న్యూట్రోఫిల్స్ అనే ఇంకో రకం తెల్లకణాల మీద కూడా ఉంటుంది కాబట్టి ఒక్కదానితో తీర్పు చెప్పకండి.

మనిషి కణాలకైతే సీడీ14, సీడీ64, సీడీ163, సీడీ206, హెచ్‌ఎల్‌ఏ-డీఆర్ కలిపి చూడటం నా అలవాటు. సీడీ206 అంటే మ్యానోజ్ రిసెప్టర్, రక్తంలోని మోనోసైట్ మీద దాదాపు కనిపించదు, అది మాక్రోఫేజ్‌గా మారాక వస్తుంది. సీడీ68ని చాలామంది సర్ఫేస్ మార్కర్ అనుకుంటారు. అది ప్రధానంగా కణం లోపల, లైసోజోముల దగ్గర ఉంటుంది, పొరకు రంధ్రాలు చెయ్యకుండా స్టెయిన్ చేస్తే తక్కువే వస్తుంది. అది యాంటీబాడీ తప్పు కాదు.

మాక్రోఫేజ్‌లను ఎం1 (మంట పెంచేవి), ఎం2 (మాన్పేవి) అని రెండు డబ్బాల్లో వేసేయడం గురించి ఒక మాట. ప్లేటులో ఇంటర్‌ఫెరాన్ గామా అనే సంకేత ప్రోటీన్, ఎల్‌పీఎస్ అనే బ్యాక్టీరియా పదార్థం ఇస్తే ఒకలా, ఐఎల్-4 అనే ఇంకో సంకేత ప్రోటీన్ ఇస్తే ఇంకోలా మారతాయి, నిజమే. కానీ రోగి శరీరంలోని మాక్రోఫేజ్‌లు ఆ రెండు డబ్బాల్లో కూర్చోవు. థీసిస్‌లో "సీడీ206 పాజిటివ్, కాబట్టి ఎం2" అని రాసే బదులు ఏ రిసెప్టర్ ఎంత ఉందో రాయండి.

రెండో అడుగు: క్లోన్, ఐసోటైప్, రంగు

క్యాటలాగ్‌లో టార్గెట్ పేరు చూసి ఆగిపోకండి. క్లోన్ పేరు, ఏ జంతువులో తయారైంది, ఏ ఐసోటైప్ (తోక ఏ రకం: ఐజీజీ1, ఐజీజీ2ఏ లాంటివి), ఫ్లో సైటోమీటర్‌కు పరీక్షించారా, ఫిక్స్ చేసిన (రసాయనంతో గట్టిపరిచిన) కణాల మీద పనిచేస్తుందా, ఇవన్నీ డేటాషీట్‌లో ఉంటాయి. ఐసోటైప్ మనకు ఎందుకంటే, మనిషి సీడీ64కి ఎలుక ఐజీజీ2ఏ అంటే చాలా ఇష్టం, ఐజీజీ1 అంటే అంత కాదు. సీడీ14కి బాగా వాడే ఎం5ఈ2 క్లోన్ ఐజీజీ2ఏ, హెచ్‌సీడీ14 క్లోన్ ఐజీజీ1. ఎం5ఈ2 చెడ్డదని కాదు, బ్లాకింగ్ (తోకను పట్టే రిసెప్టర్లను ముందే నింపి మూసేయడం, ఐదో అడుగులో చెబుతాను) గట్టిగా చెయ్యాలని అర్థం.

ఇక రంగులు. మాక్రోఫేజ్ తనంతట తనే వెలుగుతుంది, ముఖ్యంగా 488 నానోమీటర్ల లేజర్ తగిలి ఆకుపచ్చ వెలుగు వచ్చే చోట. అందుకే తక్కువగా ఉండే రిసెప్టర్‌కు ఎఫ్‌ఐటీసీ అనే ఆకుపచ్చ రంగు పెట్టకండి, ఆ వెలుగులో మీ సిగ్నల్ కలిసిపోతుంది. సీడీ14 లాంటి బాగా ఉండేవాటికి ఎఫ్‌ఐటీసీ సరిపోతుంది, సీడీ163కి పీఈ గానీ ఏపీసీ గానీ ఇవ్వండి. ఇంకో చిక్కు, పీఈ-సై5 లాంటి సయనిన్ టాండమ్ రంగులు (రెండు రంగులు జతచేసినవి) సీడీ64కి యాంటీబాడీతో సంబంధం లేకుండా నేరుగా అంటుకుంటాయి. మామూలు ఎఫ్‌సీ బ్లాక్ దీన్ని ఆపలేకపోవచ్చు. దీనికోసం మోనోసైట్ బ్లాకర్లు విడిగా దొరుకుతాయి, లేదా ఆ రంగునే మానేయండి. నేను మానేశాను.

మూడో అడుగు: రక్తం తేవడం

ఇక్కడ కాస్త ఆగి రాస్తాను. మనిషి రక్తం తీయాలంటే సంస్థ ఎథిక్స్ కమిటీ అనుమతి, రోగి సమ్మతి ఉండాలి. గుణుపురం వైపు సవర కుటుంబాలు, రాయగడలో కువి మాట్లాడేవాళ్లు వస్తారు. ఒడియాలో అచ్చేసిన కాగితం చేతిలో పెట్టి వేలిముద్ర వేయించుకుంటే అది సమ్మతి కాదు. వాళ్ల భాష వచ్చిన ఆశా అక్కనో, బంధువునో పక్కన కూర్చోబెట్టి, ఎంత రక్తం తీస్తామో, ఎందుకో, దీనివల్ల వాళ్ల వైద్యంలో ఏ మార్పూ ఉండదని, వద్దంటే వద్దని చెప్పవచ్చని వివరించాలి. అప్పటికే రక్తహీనతతో ఉన్న పిల్లవాడి దగ్గర అవసరానికి మించి ఒక్క మిల్లీలీటరు కూడా తీయకండి.

సీడీ163 చూడాలంటే పచ్చమూత హెపారిన్ ట్యూబ్ తీసుకోండి. ఊదామూత ట్యూబులో ఈడీటీఏ ఉంటుంది, అది కాల్షియాన్ని లాగేస్తుంది, కొన్ని సీడీ163 క్లోన్లు కాల్షియం లేకపోతే అతుక్కోవు. రిసెప్టర్ ఉంటుంది, మీ మిషన్ లేదంటుంది. ట్యూబును ఐస్‌లో పెట్టొద్దు, అలాగని మే నెలలో రాయగడ నుంచి బస్సులో డాష్‌బోర్డు మీద పెట్టుకుని తేవద్దు. థర్మోకోల్ డబ్బాలో, ఐస్‌కు నేరుగా తగలకుండా గుడ్డ చుట్టి, 20 డిగ్రీల చుట్టుపక్కల ఉంచి, కొన్ని గంటల్లో ల్యాబుకు చేర్చాలి. ఆరోగ్యవంతుల కంట్రోల్ రక్తం ల్యాబులోనే తీసి వెంటనే వాడుతూ, రోగి రక్తం ఆరుగంటలు ప్రయాణం చేయించి ఆ రెండింటినీ పోల్చకండి. మీరు చూసే తేడా బస్సు ప్రయాణానిది కావచ్చు. కంట్రోల్ ట్యూబును కూడా అంతసేపూ ఆపండి.

మోనోసైట్లు ఉండే మోనోన్యూక్లియర్ కణాలు వేరుచేయడానికి 1.077 సాంద్రత ఉన్న ఫైకాల్ అనే ద్రవం మీద, ఒకటికి ఒకటి పలచన చేసిన రక్తాన్ని ట్యూబు గోడ వెంట మెల్లగా పొరలా పోసి, 400 జీ (భూమి ఆకర్షణకు 400 రెట్లు) దగ్గర 30 నిమిషాలు, బ్రేక్ లేకుండా తిప్పండి. ఏసీ లేని గదిలో ఎండాకాలం ఫైకాల్ వేడెక్కితే సాంద్రత మారి పొర చెదురుతుంది, సెంట్రిఫ్యూజ్‌ను ముందే 20 డిగ్రీలకు తెచ్చుకోండి. సికిల్ సెల్ రక్తంలో ముదరని ఎర్రకణాలు కూడా మనకు కావలసిన కణాలు చేరే తెల్ల పొరలోకి వచ్చేస్తాయి. పొర ఎర్రగా కనిపిస్తే భయపడకుండా ఎర్రకణాలను పగలగొట్టే అమ్మోనియం క్లోరైడ్ లైసిస్ ఒకసారి చేసుకోండి. తర్వాత 200 జీ దగ్గర ఒకటి రెండుసార్లు కడగాలి, ప్లేట్‌లెట్లు పోవడానికి. సీడీ36 చూసేవాళ్లకు ఇది ప్రాణం, ఎందుకంటే ప్లేట్‌లెట్ల మీద సీడీ36 దండిగా ఉంటుంది, అవి మోనోసైట్లకు అతుక్కుని వస్తాయి. సీడీ41 యాంటీబాడీ ఒకటి కలిపితే ప్లేట్‌లెట్ అంటిన మోనోసైట్లను పక్కన పెట్టగలరు.

ఈ మోనోసైట్లను మాక్రోఫేజ్‌లుగా మార్చాలంటే ఎం-సీఎస్‌ఎఫ్ అనే పెంపకపు ప్రోటీన్ 50 నానోగ్రాములు ప్రతి మిల్లీలీటరుకు, ఆరేడు రోజులు. రక్తం దొరకనివాళ్లు టీహెచ్‌పీ-1 అనే, ల్యాబులో పెరిగే మోనోసైట్ రకం కణాలను పీఎంఏ అనే రసాయనంతో మార్చుకుని ప్రాక్టీసు చేయవచ్చు, కానీ వాటి మీద సీడీ14, సీడీ163 తక్కువగా ఉంటాయని ముందే గుర్తుంచుకోండి.

నాలుగో అడుగు: ప్లేటు నుంచి లేపడం

ట్రిప్సిన్ పొయ్యకండి. మీరు వెతికే రిసెప్టర్లు కణం బయట వేలాడుతున్న ప్రోటీన్లు, ట్రిప్సిన్ ప్రోటీన్లను కోసే ఎంజైము. గోడ మీది బొమ్మను చూడ్డానికి వెళుతూ ముందు గోడంతా గీకేసినట్టు అవుతుంది. చల్లని పీబీఎస్ అనే ఉప్పు బఫర్‌లో 2 నుంచి 5 మిల్లీమోలార్ ఈడీటీఏ వేసి, ప్లేటును ఐస్ మీద 15 నిమిషాలు ఉంచి, పక్కలమీద అరచేత్తో తట్టి, పిపెట్‌తో మెల్లగా కడుగుతూ లేపండి. పెరుగు గిన్నె పైనుంచి మీగడ విరగకుండా తీసినంత నెమ్మదిగా. మైక్రోస్కోప్ కింద చూస్తూ ఉండండి, సాగి అంటుకుని ఉన్నవి గుండ్రంగా ముడుచుకుని, వెలుగు అంచుతో కదలడం మొదలవుతుంది, అప్పుడు తీయాలి. సీడీ163 కోసమైతే లేపిన వెంటనే ఈడీటీఏను కడిగేసి, ఆ తర్వాతి బఫర్లలో అది లేకుండా చూసుకోండి.

డబ్బు ఆదాచేసే కిటుకు ఒకటి: మాక్రోఫేజ్‌లను టిష్యూ కల్చర్ ప్లేట్లలో కాకుండా, బ్యాక్టీరియా పెంచే మామూలు స్టెరైల్ పెట్రీడిష్‌లలో పెంచండి. తేలిగ్గా ఊడి వస్తాయి, ప్లేటు ఖర్చూ తగ్గుతుంది.

ఐదో అడుగు: బ్లాకింగ్

నా పీహెచ్‌డీ రెండో ఏడాదిలో సికిల్ సెల్ రోగుల కణాల్లో ఒక రిసెప్టర్ ఎంతో పెరిగిందని మూడు నెలలు సంబరపడ్డాను. ఒక సీనియర్ మేడమ్ నా పక్కన కూర్చుని ఐసోటైప్ ట్యూబ్ (అదే రకం తోక ఉండి ఏ టార్గెట్‌నూ పట్టని యాంటీబాడీ వేసిన ట్యూబ్) గ్రాఫును దాని మీద పెట్టి చూపించారు, రెండూ కలిసిపోయాయి. నేను చూసిందంతా తోకను పట్టుకున్న సిగ్నలే. రోగం వల్ల సీడీ64 పెరిగింది, దాంతో ఏ యాంటీబాడీ వేసినా ఎక్కువ అంటుకుంది. అందుకే చెబుతున్నాను, రోగికీ ఆరోగ్యవంతుడికీ మధ్య ఎఫ్‌సీ రిసెప్టర్లే మారతాయి, కాబట్టి బ్లాక్ సరిగా లేకపోతే దొంగ తేడా వచ్చి నిజం తేడాలా కనిపిస్తుంది.

మనిషి కణాలకు కొనుక్కున్న ఎఫ్‌సీ బ్లాక్ గానీ, శుద్ధిచేసిన మనిషి ఐజీజీ గానీ, అదీ లేకపోతే 10 శాతం ఏబీ గ్రూపు మనిషి సీరమ్ గానీ వేసి ఐస్ మీద 10 నుంచి 15 నిమిషాలు ఉంచండి. దాన్ని కడగకుండానే పైన యాంటీబాడీ వెయ్యాలి. ఎలుక కణాలకు 2.4జీ2 క్లోన్ వాడతాం, పది లక్షల కణాలకు అర నుంచి ఒక మైక్రోగ్రాము. దీంట్లో రెండు గుంటలున్నాయి. ఒకటి, మీరు చూడాలనుకున్నదే ఎలుక సీడీ16 లేక సీడీ32 అయితే ఈ బ్లాక్ దాన్నే కప్పేస్తుంది. రెండు, 2.4జీ2 ర్యాట్ యాంటీబాడీ. మీరు రంగులేని ప్రైమరీ (టార్గెట్‌ను పట్టే యాంటీబాడీ) వేసి పైన యాంటీ-ర్యాట్ సెకండరీ (ర్యాట్ యాంటీబాడీని పట్టే, రంగు కట్టిన యాంటీబాడీ) వేస్తే, ఆ సెకండరీ బ్లాక్‌కు కూడా అంటుకుని కణమంతా వెలుగుతుంది. అందుకే మాక్రోఫేజ్‌లకు నేరుగా రంగు కట్టిన ప్రైమరీలే కొనమంటాను.

ఆరో అడుగు: ఎంత వెయ్యాలి

డేటాషీట్‌లో 5 మైక్రోలీటర్లు అని ఉంటే అది మొదలుపెట్టే చోటు మాత్రమే. మాక్రోఫేజ్‌లకు ఎక్కువ వేస్తే తోక పట్టు పెరుగుతుంది. ఒక రోజు కేటాయించి, 100 మైక్రోలీటర్లలో 1 మైక్రోగ్రాముతో మొదలుపెట్టి సగం సగం తగ్గిస్తూ ఏడెనిమిది ట్యూబులు పెట్టండి. ప్రతి ట్యూబుకూ పాజిటివ్ కణాల మీడియన్ వెలుగు నుంచి నెగటివ్ కణాల మీడియన్ తీసేసి, దాన్ని నెగటివ్ ఎస్‌డీకి (స్టాండర్డ్ డీవియేషన్‌కు) రెండు రెట్లతో భాగించండి. ఆ సంఖ్య ఎక్కడ ఎక్కువగా ఉందో అదే మీ మోతాదు. చాలాసార్లు డేటాషీట్ చెప్పినదాంట్లో సగమే సరిపోతుంది, అంటే వయల్ రెట్టింపు రోజులు వస్తుంది.

ఏడో అడుగు: స్టెయినింగ్

ట్యూబుకు 5 లక్షల కణాలు చాలు. చచ్చిన కణాలు ఏ యాంటీబాడీనైనా పీల్చుకుంటాయి కాబట్టి వయబిలిటీ రంగు తప్పనిసరి. ఫిక్స్ చేస్తారనుకుంటే ఫిక్సబుల్ రకం, ప్రోటీన్ లేని పీబీఎస్‌లో, మొదటే వెయ్యాలి. తర్వాత బ్లాక్, ఆ పైన యాంటీబాడీల మిశ్రమం, చీకట్లో ఐస్ మీద 30 నిమిషాలు, రెండుసార్లు కడుగు. బఫర్ అంటే పీబీఎస్‌లో 2 శాతం సీరమ్. అన్నీ చల్లగానే జరగాలి. గది వేడికి వదిలేస్తే మాక్రోఫేజ్ రిసెప్టర్‌నూ దాని మీది యాంటీబాడీనీ కలిపి మింగేస్తుంది. సీడీ206 విషయంలో ఇంకా జాగ్రత్త, అది లోపలికీ బయటికీ తిరుగుతూనే ఉంటుంది, ఏ క్షణంలోనైనా ఎక్కువ భాగం లోపలే ఉంటుంది. బయటిది కొలుస్తున్నారా, మొత్తం కొలుస్తున్నారా అన్నది ముందే నిర్ణయించుకోండి.

బఫర్‌లో సోడియం అజైడ్ కలిపితే మింగడం తగ్గుతుంది, కానీ అది విషం, లోహపు పైపుల్లో చేరితే పేలే పదార్థంగా మారుతుంది. సింక్‌లో పొయ్యొద్దు.

ఎనిమిదో అడుగు: కంట్రోళ్లు

రంగు వేయని కణాలు, ఒక్కో రంగుకు కాంపెన్సేషన్ ట్యూబు (ఒక రంగు వెలుగు ఇంకోదాంట్లో కలవడాన్ని సరిచేయడానికి), ఒక రంగు మాత్రం వదిలేసి మిగతావన్నీ వేసిన ఎఫ్‌ఎంఓ. పాజిటివ్‌నూ నెగటివ్‌నూ విడదీసే గేటు గీత ఎక్కడ గీయాలో చెప్పేది ఎఫ్‌ఎంఓనే. ఐసోటైప్ కంట్రోల్ గీత గీయడానికి కాదు, బ్లాకింగ్ పనిచేసిందా లేదా చూడ్డానికి. రంగు వేయని కంట్రోల్ ప్రతి చికిత్సకూ విడిగా ఉండాలి, ఎందుకంటే ఎల్‌పీఎస్ తిన్న మాక్రోఫేజ్ సొంత వెలుగు మామూలు దానితో సమానంగా ఉండదు.

వీటన్నిటికంటే నాకు నమ్మకమైనది కణాన్నే అడగడం. డెక్సామెథసోన్ గానీ ఐఎల్-10 గానీ ఇస్తే మనిషి మాక్రోఫేజ్ మీద సీడీ163 పెరగాలి. ఐఎల్-4 ఇస్తే సీడీ206 పెరగాలి. ఇంటర్‌ఫెరాన్ గామా ఇస్తే సీడీ64 పెరగాలి. ఎల్‌పీఎస్ ఇచ్చిన కాసేపటికి ఏడీఏఎం17 అనే ఎంజైము సీడీ163ని కోసి బయటికి వదిలేస్తుంది, కాబట్టి కణం మీద తగ్గాలి. మీ యాంటీబాడీ ఈ ఎత్తుపల్లాలు చూపిస్తే నమ్మండి. అన్నిట్లోనూ ఒకే ఎత్తున ఉంటే ఆ సిగ్నల్ మీది కాదు.

మిషన్ దగ్గర మాక్రోఫేజ్ పెద్ద కణం అని మరవద్దు, లింఫోసైట్లకు పెట్టిన వోల్టేజీలో అవి స్క్రీన్ దాటిపోతాయి. జంట కణాలను తీసేసి, చచ్చినవి తీసేసి, అప్పుడు రిసెప్టర్ చూడండి. "ఎంత శాతం పాజిటివ్" కంటే మీడియన్ వెలుగు, దాంట్లోంచి ఎఫ్‌ఎంఓ మీడియన్ తీసేసిన సంఖ్య ఎక్కువ నిజం చెబుతుంది, ఎందుకంటే ఈ రిసెప్టర్లు చాలావరకు ఉందా లేదా అన్నట్టు ఉండవు, ఎంత ఉంది అన్నట్టు ఉంటాయి.

చివరిగా దాచుకోవడం

రంగు కట్టిన యాంటీబాడీని ఫ్రీజర్‌లో పెట్టకండి, 4 డిగ్రీల ఫ్రిజ్‌లో, చీకట్లో ఉంచాలి. గడ్డకడితే పీఈ, ఏపీసీ పాడవుతాయి. ఇంట్లో ఆవకాయ జాడీలో తడి గరిటె పెడితే అమ్మ ఊరుకోదు కదా, వయల్‌లో వాడిన టిప్ పెట్టడం అంతే తప్పు. తీసే ముందు ఒక్క నిమిషం చిన్న సెంట్రిఫ్యూజ్‌లో తిప్పండి, మూతకు అంటుకున్న చుక్కలు కిందికి వస్తాయి.

మన దగ్గర కరెంటు గురించి ముందే ఆలోచించాలి. 2018 అక్టోబరు 11న తిత్లీ తుపాను పలాస దగ్గర తీరం దాటాక గంజాం, గజపతి ఊళ్లలో కరెంటు రావడానికి రోజులు పట్టింది. అప్పటినుంచి నేను అక్టోబరు రాగానే ఫ్రిజ్‌లో ఖాళీగా ఉన్న అరల నిండా 4 డిగ్రీల దగ్గర చల్లబరిచిన నీళ్ల సీసాలు పేరుస్తాను, కరెంటు పోయినా చల్లదనం చాలాసేపు నిలుస్తుంది, తలుపు మాత్రం తియ్యకూడదు. ఆర్డర్ పెట్టేటప్పుడు సోమవారం బయల్దేరేలా పంపమని సప్లయర్‌కు రాయండి, శనివారం వచ్చిన డబ్బా ఆఫీసు బల్ల మీద సోమవారం దాకా ఉండిపోతుంది. డబ్బా విప్పగానే జెల్ ప్యాక్ చల్లగా ఉందా కరిగిందా, తారీఖు, లాట్ నంబరు నోట్‌బుక్‌లో రాయండి. కొత్త లాట్ వచ్చినప్పుడు పాతది అయిపోకముందే రెండూ ఒకే రోజు, ఒకే కణాల మీద పక్కపక్కన వేసి చూడండి. అందుకని పాత వయల్ అడుగున ఎప్పుడూ నాలుగు ట్యూబులకు సరిపడా మిగుల్చుకుంటాను.